ఇంటి ముచ్చట్లు – 11: మంచం కింద డప్పు

పోయిన పండుగకు ఊరికి పోయి వస్తూ మా నాయిన డప్పును పట్నం తెచ్చిన. ఎనిమిదేండ్ల నా బిడ్డ అడిగిందని తెచ్చిన. నాయిన ఇయ్యనన్నడు. "సదువుకునే పిల్లకు డప్పెందుకురా? నిన్నే ముట్టనియ్యలే గద" అన్నడు.

నిజమే. నా చిన్నప్పుడు ఆ డప్పు ఇంట్లో ఉండేది కాదు. వెనక కొట్టంలో గోడకు వేలాడేది. దొరల ఇండ్ల నుంచి కబురొస్తే నాయిన దాన్ని భుజానికి తగిలించుకొని పోయేటోడు. చావుకు పోవాలె, పెండ్లికి పోవాలె, చాటింపుకు పోవాలె. పోనంటే కుదరదు. ఇచ్చిందే తీసుకోవాలె. ఒకసారి నేను దాని మీద చెయ్యేస్తే వీపు పగిలింది. "ఇది నాతోనే పోవాలె" అన్నడు. ఆయన కోపం నా మీద కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది.

నేను డప్పు పట్టింది యూనివర్సిటీకి వచ్చినంకనే. ధూంధాం రోజులు. ధర్నాలల్ల, మెస్సు ముందర కొట్టుకుంట నేర్చుకున్న. నాయినకు వెట్టి అయినది నాకు నినాదం అయింది. ఆ రెండింటి నడుమ ఏదో తప్పిపోయిందని మాత్రం నా బిడ్డ చెప్పేదాకా తెలువలేదు.

సంగతేమంటే, బడిలో "మీ ఇంట్లో ఉన్న వాయిద్యం తెచ్చి చూపించాలె" అన్నరట. మా పిల్ల ఎగురుకుంట చెయ్యెత్తి "మా ఇంట్ల డప్పున్నది" అన్నదట. "అది చావులకు కొట్టేది కదమ్మా, ఇంకేదైనా మంచిది తీసుకురా" అన్నరట. పిల్లలు నవ్విన్రు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి డప్పును మంచం కిందికి తోసేసింది. అడిగితే చెప్పలేదు. రెండు రోజులకు వాళ్ల అమ్మకు చెప్పింది.

నేను బడికి పోయి లొల్లి పెడతనన్న. "వద్దు నాయినా, నాకు సిగ్గయితది" అన్నది.

ఇగ నేనేం చేసిన్నో చెప్తే మీరు నవ్వుతరు. కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చిన. మృదంగానికి వాడేది కూడా ఆవు, గేదె, మేక తోళ్లే అని చెప్పిన. ఆ తోలు శుభ్రం చేసి, బిగించి, నాదం పలికించే చేతులు ఎవరివో టి.ఎం. కృష్ణ 2020లో ఒక పుస్తకమే రాసిండని చెప్పిన. తమిళనాడులో దళితులు ముందు పఱై కొట్టమని ఎదురుతిరిగి, తర్వాత అదే పఱైని తమ ఆత్మగౌరవంగా ఎత్తుకున్నరని చెప్పిన. 1994లో మొదలైన మాదిగ ఉద్యమం దండోరా అనే పేరే పెట్టుకున్నదని చెప్పిన. అన్నీ నిజాలే. పిల్ల అంతా విని "నేను ఆడుకోవడానికి పోవచ్చా?" అన్నది.

అప్పుడు తెలిసొచ్చింది. నేను కూడా ఆ డప్పును దాని నెత్తిన బరువు చేసి పెట్టిన.

ఆ ఆదివారం ఏమీ చెప్పలేదు. నేల మీద కూర్చొని స్టీలు పళ్లెం బోర్లేసి గరిటెతో కొట్టుడు మొదలుపెట్టిన. వాళ్ల అమ్మ గిన్నె పట్టుకుంది. ఖాళీ సీసాలో గుప్పెడు బియ్యం పోసి ఊపితే గలగల వచ్చింది. పిల్ల వచ్చి సీసా గుంజుకుంది.

అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి ఆదివారం అరగంట ఇదే. మొదటి ఆట మాటల దరువు. రోజూ అనే మాటనే దెబ్బలుగా కొట్టాలె. "అన్నం పప్పు, అన్నం పప్పు" అంటే ఒక నడక. "చింతకాయ తొక్కు" అంటే ఇంకో నడక. రెండోది ఆగుడు ఆట. దరువు నడిచినంతసేపు ఎగరాలె, ఆగంగనే బొమ్మలెక్క నిలబడాలె, కదిలితే ఓడినట్టు. మూడోది అడుగులు. రెండు ముందుకు, రెండు వెనక్కు, ఒక చుట్టు, కూసొని లేసుడు. ఎవరు కొడితే వాళ్లే అడుగు చెప్పాలె. మేం ఓడితే మా పిల్లకు పండుగ.

మూడో ఆదివారం పళ్లెం చప్పుడు చాలలేదు. తనే మంచం కింద నుంచి డప్పు తీసింది. వానల రోజులు, తోలు వదులైపోయింది. ఊర్లో అయితే గడ్డి మంటేసి కాపుతం. మేముండేది మూడో అంతస్తు. ఎండ వచ్చినప్పుడు డాబా మీద పెట్టి కాపినం. లావుపాటి సిర్ర ఒక చేతికి, సన్నటి సిటికెన పుల్ల ఇంకో చేతికి ఇచ్చిన. మొదటి దెబ్బకు తనే ఉలిక్కిపడి నవ్వింది.

నాయినకు వీడియో కాల్ చేసినం. తిడతడనుకున్న. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సిటికెన పుల్లను అంత గట్టిగ కొట్టొద్దను. అది ముచ్చట పెట్టాలె, ఒర్రొద్దు" అన్నడు. మంచం మీదనే కూసొని తొడ మీద వేళ్లతోని పెండ్లి దరువు కొట్టి చూపెట్టిండు. డెబ్బై దాటిన మనిషి, ఆ డప్పు పట్టుకొని నవ్వంగ నేనెప్పుడూ చూడలేదు. తొడ మీద కొడుతూ నవ్విండు. ఎవరూ పిలవకుండ, ఎవరి గడప ముందరా నిలబడకుండ ఆయన దరువేసుడు బహుశా అదే మొదలు.

బడికి డప్పు తీసుకపోయిందా అని అడుగుతరు. పోలేదు. ఏమీ తీసుకపోలేదు. నేను బలవంతం చేయలేదు. అది గెలిచే పోరాటం దానిదే, ఎప్పుడు మొదలుపెట్టాల్నో అదే చూసుకుంటది.

కింద ఓనరు మాత్రం ఒకరోజు మెట్ల మీద ఆపి, "పైన ఏదో చప్పుడైతున్నది, ఎవరన్నా పోయిన్రా?" అన్నడు. "లేదు సార్, పిల్లలు ఆడుకుంటున్నరు" అన్న. ఆయన మనవడు కూడా అందులో ఉన్నడని చెప్పలేదు. ఆ పిలగాడు రెండు వారాల నుంచి డాబా మీదికొచ్చి సిర్ర కోసం మా పిల్లతో కొట్లాడుతున్నడు. తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటడేమో. ఈ పట్నంలో మనకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. అయినా ఆట ఆపలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డప్పు గురించి మనం చాలా రాసినం, చాలా మాట్లాడినం. సభల్లో కొట్టినం. పిల్లలతోని ఊరికే ఆడినమా? సెలవులకు ఇంటికి పోయినప్పుడు, వాడలో పది మంది పిల్లలను పోగేసి ఒక అరగంట ఆడుండ్రి. డప్పు లేకపోతే పళ్లెం చాలు. చరిత్ర తర్వాత చెప్పుదురు. అడిగినప్పుడు చెప్పుండ్రి. ముందు వాళ్లను ఎగరనియ్యుండ్రి. ఇంట్లో పెద్దమనిషి ఉంటే పక్కన కూసోబెట్టుకోండ్రి. తప్పు దిద్దేటందుకన్న నోరు తెరుస్తడు.

జై భీమ్.