తడిసిన బొంత



మన పత్రికలో పిల్లి మూత్రమును గూర్చి వ్రాయుట తగునా అని మీలో కొందరు అడుగవచ్చును. నేనును మొదట అట్లే తలంచితిని. అయితే గడచిన వానకాలమందు మా ఇంట జరిగిన సంగతి నాకు కొంత సిగ్గును, కొంత బుద్ధిని కలుగజేసినది. సిగ్గును దాచి బుద్ధిని మాత్రము చెప్పిన యెడల అది సగము సాక్ష్యమే అగును గనుక రెండును వ్రాయుచున్నాను.

మాది వనపర్తి జిల్లాలోని కొత్తకోట. హైదరాబాదు నుండి కర్నూలు పోవు 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరిని ఒరసికొని పోవుచున్నది. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. రెండెకరముల చెలక కలదు. అందులో పల్లి వేయుదుము. మా అల్లుడు పూనాలో ఇండ్ల కట్టుబడి మేస్త్రీ. మా కుమార్తెయు అతనితో కూడ పోయినది. పాలమూరు వలసను గూర్చి మన ప్రాంతపువారికి ఎవరును చెప్పనక్కరలేదు. చదువు చెడిపోకూడదని వారి బిడ్డను, ఏడేండ్ల మా మనుమరాలిని, మా యొద్ద విడిచి పోయిరి.

ఒకనాటి సాయంత్రము ఆ చిన్నది పుస్తకములను చంకను పెట్టుకొని, పుస్తకముల సంచిలో ఒక పిల్లిని పెట్టుకొని బడినుండి వచ్చెను. అది బూడిద రంగు మగపిల్లి. ఆరు నెలల వయస్సుండును. రోడ్డు ప్రక్కన వెనుక కాలు దెబ్బతిని పడియుండగా కుక్కలు దానిని చుట్టుకొన్నవట. తెచ్చునప్పుడు దాని గోరు బిడ్డ చేతికి గీచుకొనెను. మేము ఆ గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, మరునాడే సర్కారు దవాఖానకు తీసికొనిపోయి కుక్కకాటు టీకాలు మొదలుపెట్టించితిమి. పిల్లి గీచినను కరచినను ఈ పని మానవద్దని మీకును చెప్పుచున్నాను. ఆ రోగము కుక్క వలననే గాక పిల్లి వలనను రాగలదు.

కాలు బాగగువరకు పిల్లిని బయట విడువ వీలులేదు. వీధిలో కుక్కలు, అవతల లారీలు. కావున ఇంటిలోనే ఉంచవలసి వచ్చెను. పట్టణములలో పిల్లులను పెంచువారు వాటికొక తొట్టిని పెట్టి, అందులో గుల్లమట్టి పలుకులు పోయుదురని విని, నేను ఒక ప్లాస్టిక్ తొట్టిని, సువాసన గల పలుకుల సంచిని తెప్పించితిని. ఆ సంచి ధర చూచి మా ఇంటావిడ రెండు దినములు నాతో సరిగా మాటలాడలేదు.

పిల్లి ఆ తొట్టిని వాసన చూచెను, ముందరి పాదమును ఒకసారి పెట్టి విదిలించెను, వెడలిపోయెను. అటు తరువాత అది విత్తనపు పల్లికాయల సంచిమీద పోసెను. తలుపు మూలను పోసెను. మా మనుమరాలు పరుండు బొంతయు తెల్లవారునప్పటికి తడిసియుండుట మొదలాయెను. నేను పిల్లి మెడ పట్టుకొని దాని ముక్కును ఆ తడిలో రుద్దితిని. బండల మీద ఫినాయిలు కుమ్మరించి కడిగితిని. అరచితిని. పది దినములైనను ఏమియు మారలేదు. మారినదేమనగా, నా అడుగుల చప్పుడు వినగానే పిల్లి ధాన్యపు గుమ్మి వెనుకకు దూరుట నేర్చుకొనెను.

అప్పుడు నేను ఒక నిశ్చయము చేసికొంటిని. గోనెసంచి నొకదానిని దులిపి తలుపు వెనుక పెట్టితిని. మన ఊళ్ళలో అక్కరలేని పిల్లిని సంచిలో వేసి ఊరి అవతల విడుచుట మీరెరిగినదే. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నేను చదివిన భాగము తప్పిపోయిన గొఱ్ఱెను గూర్చినది. చదివి, మోకరించి, ఆమేన్ అని లేచితిని. సంచి తలుపు వెనుకనే ఉన్నది. అది నాకు జ్ఞాపకమే.

మా మనుమరాలు లేవలేదు. "తాతా, తెల్లారినాంక పిల్లిని ఆ సంచిల ఏస్తవా?" అని అడిగెను.

"అవు బిడ్డా. అది చెప్పిన మాట ఇంటలేదు. నీ బొంత రోజు తడుపుతున్నది."

ఆమె చాలసేపు నేలను చూచుచు ఊరకుండెను. అటు పిమ్మట, "బొంత తడిపింది అది గాదు తాతా. నేను. నన్ను గూడ ఏస్తవా?" అనెను.

చదువరులారా, ముప్పది యేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను, నాకు జవాబు రాలేదు. తల్లి పోయిననాటి నుండి ఆ బిడ్డ రాత్రులయందు పక్క తడుపుచున్నది. మేము ఏమందుమో అని భయపడి చెప్పలేదు. పిల్లి వచ్చిన తరువాత నింద దానిమీదికి పోయెను. నేను దాని ముక్కును రుద్దినప్పుడెల్ల ఈమె గడప యొద్ద నిలువబడి చూచుచుండినది. చేయని తప్పునకు అది దెబ్బలు తినుచుండగా, చేసినదని తనను తాను ఎంచుకొనిన బిడ్డ లోలోపల నలిగిపోవుచుండెను. మా ఇంటావిడ వచ్చి బిడ్డను ఎత్తుకొనెను. నేను సంచిని మడిచి అటుకమీద వేసితిని.

మరునాడు పిల్లిని పశువుల దవాఖానకు తీసికొనిపోయితిని. వైద్యుడు దాని కడుపును నెమ్మదిగా తడివి చూచి, "సార్, ఇది మొండితనం కాదు, రోగం. మూత్రపు తిత్తి వాచింది. దెబ్బ, కొత్త చోటు, భయం, వీటివల్ల కూడా ఇట్లయితది" అనెను. పోయునప్పుడు నొప్పి కలిగిన పిల్లి, ఆ నొప్పి తొట్టి వలననే కలిగినదనుకొని తొట్టిని విడుచునట. మందులిచ్చి, నీళ్ళు ఎక్కువగా త్రాగునట్లు చూడుమనియు, తిండిని తడిగా పెట్టుమనియు చెప్పెను. ఇంకొక మాటయు గట్టిగా చెప్పెను: మగపిల్లి మాటిమాటికి ముక్కుచు చుక్కయైనను పోయలేకపోయిన యెడల నాళము మూసికొనిపోయినదని ఎరిగి ఆ గడియనే తేవలెను, ఒకటి రెండు దినములు ఆలస్యమైన ప్రాణము పోవును. మనుష్యులు మ్రింగు పారాసిటమాల్ బిళ్ళ మాత్రము ఎన్నడును ఇయ్యరాదు, అది పిల్లికి విషము.

నా ఫినాయిలు సంగతి విని ఆయన తల పట్టుకొనెను. ఫీనాలు గల మందులను విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు తక్కువ. అది తడి బండలమీద నడచి పాదములను నాకుకొనును; విషము లోనికి పోవును. ఇక అమ్మోనియా కలిసిన మందుతో కడిగిన చోటు దానికి మూత్రపు వాసనవలె తోచి మరల అక్కడికే రప్పించును. మేము అది మొదలుకొని సబ్బునీళ్ళతో రెండు మూడు మారులు కడిగి, మంచినీళ్ళు పోసి, ఎండ తగులనిచ్చితిమి. ముక్కు రుద్దుటయు అరచుటయు వ్యర్థము. కోపపడినప్పుడు పిల్లి తన తప్పును గ్రహింపదు. ఈ మనిషి అపాయకరుడు అని మాత్రము గ్రహించును.

రోగము నెమ్మదించినను తొట్టి సంగతి తీరలేదు. దానిని తీర్చినది మా ఇంటావిడ. "అది చెలకల తిరిగిన పిల్లి. దానికి అత్తరు రాళ్ళేమెరుక? చెలక మన్ను తెచ్చి పోయుండ్రి" అనెను. ఆ మాటలో ఎంత సత్యమున్నదో తరువాత చదివి తెలిసికొంటిని. ఇంటి పిల్లులన్నిటికిని మూలము ఆఫ్రికాలోను పడమటి ఆసియాలోను తిరుగు అడవిపిల్లి. పొడినేలను గోకి, మలమూత్రములను కప్పిపెట్టుట దానికి పుట్టుకతో వచ్చిన గుణము. సైప్రస్ ద్వీపములో మనుష్యుని ప్రక్కన పాతిపెట్టబడిన ఒక పిల్లి ఎముకలను శాస్త్రజ్ఞులు కనుగొని 2004లో ప్రకటించిరి. అవి సుమారు 9,500 సంవత్సరముల నాటివి. అన్ని వేల యేండ్లు అది మన్నును ఇసుకను ఎరిగియున్నది. నేను కొన్నట్టి గుల్లమట్టి తొట్టిలోనికి వచ్చినది 1947లోనే. అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రములో, చలికి ఇసుక గడ్డకట్టిపోయినదని పొరుగింటావిడ అడుగగా, ఎడ్వర్డ్ లో అను యువకుడు తన యొద్దనున్న, తడిని పీల్చు మట్టి పలుకులను ఇచ్చెను. అంతకు ముందు ఇసుకయు బూడిదయే. కావున బీదవాని ఇంట పిల్లికి తొట్టి పెట్టలేమని ఎవరును అనుకొనవద్దు.

మేము చేసిన క్రమమిది. చెలకలోని ఎర్రమన్నును జల్లించి, ఎండబెట్టి, తొట్టిలో రెండంగుళముల మందమున పోసితిమి. కుంటి కాలు ఎత్తలేదు గనుక తొట్టికి ఒక ప్రక్కను అంచు కోసి తగ్గించితిమి. తొట్టి పొడవు పిల్లి పొడవునకు ఒకటిన్నర రెట్లుండవలెను. ఒక పిల్లికి రెండు తొట్లు మేలు. పిల్లుల సంఖ్యకంటె ఒకటి ఎక్కువ అని లెక్క. నీళ్ళకును తిండికిని దూరముగా, మనుష్యులు త్రొక్కిసలాడని మూలను పెట్టితిమి. మొదటి వారము పిల్లిని ఆ చిన్న గదిలోనే ఉంచితిమి. పాడుచేసిన తలుపు మూలను దాని అన్నపు గిన్నె పెట్టితిమి. తిను చోట అది పోయదు. విత్తనపు సంచిని గుమ్మిలో దాచితిమి. మలమును దినమునకు రెండుసార్లు తీసివేసితిమి. మూడవ నాటి తెల్లవారుజామున మన్ను గోకు చప్పుడు వినబడెను. నేను లేవబోగా మా ఇంటావిడ నా చేయి పట్టుకొని ఆపెను.

ఎర్రమన్ను వానకాలములో బండలనిండ పాదముల ముద్రలు వేయును. అందుచేత వాగు ఇసుకను తెచ్చి, మొదట పిడికెడు, నాలుగు దినములకు మరి పిడికెడు, ఈ విధముగా నెలదినములకు పూర్తిగా ఇసుకకు మార్చితిమి. ఒక్కసారిగా మార్చినచో మరల మొదటికి వచ్చెడివారము.

మా కొత్తకోటకు సమీపమున, మదనాపురము దగ్గర, సరళాసాగరమున్నది. వనపర్తి రాజా రామేశ్వరరావు గారు తమ తల్లి పేరిట తలపెట్టగా 1959లో పూర్తియైనది. నీరు ఒక మట్టమునకు ఎక్కగానే, ఎవరును తలుపులు ఎత్తకయే, సైఫనులు తమంతట తామే నీటిని లాగి విడుచును. చిన్ననాడు నేను అది చూచి ఆశ్చర్యపడితిని. దానిని కట్టినవారు నీటిని అదిలింపలేదు. నీటి గుణమును ఎరిగి దారి అమర్చిరి. ఎనిమిది పదుల యేండ్లకు దగ్గరపడుచున్న నేను ఆ పాఠమును పిల్లి విషయములో నేర్చుకొనవలసి వచ్చెను.

దీపావళినాడు టపాకాయల చప్పుళ్ళకు బెదరి పిల్లి మరల తలుపు మూలను పాడుచేసెను. నాకు పాత కోపము గొంతువరకు వచ్చెను. 2019 డిసెంబరు 31న ఆ సరళాసాగరపు కట్టయు తెగెను. తెగినదని విడిచిపెట్టలేదు, మరల కట్టిరి. మేమును మరల చిన్న గదితో, పిడికెడు ఎర్రమన్నుతో మొదలుపెట్టితిమి. పది దినములకు దారికి వచ్చెను. ఈడు రాగానే దానికి విత్తు తీయించితిమి. మగపిల్లులు గోడలమీద చిమ్ముట అందువలన మిక్కిలి తగ్గును.

ఇంకొక హెచ్చరిక. గర్భిణీ స్త్రీలు ఈ తొట్టిని ముట్టరాదు. పిల్లి మలములో కడుపులోని బిడ్డకు హానిచేయు క్రిమి ఉండవచ్చును. ఆ క్రిమి అంటుకొను శక్తిని పొందుటకు కనీసము ఒక దినమైనను పట్టును గనుక, ఇతరులు ప్రతిదినము తప్పక తీసివేసి చేతులు కడుగుకొనవలెను.

ఇక బిడ్డ సంగతి. ఆమె విషయములోను మేము ఆ క్రమమునే పట్టితిమి. ముందుగా పిల్లల డాక్టరుకు చూపించి, రోగమేమియు లేదని తెలిసికొంటిమి. ప్రతి సాయంత్రము దీపాలవేళ తల్లితో ఫోనులో మాటలాడించుచున్నాము. పడుకొనుటకు ముందు అవ్వ ఆమెను బయటికి తీసికొనిపోవును. బొంత తడిసిన ఉదయమున ఎవరును ఏమియు అనరు. ఆమెయు నేనును దానిని చెరియొక కొన పట్టుకొని దండెముమీద వేయుదుము. ఈ వారములో నాలుగు దినములు పొడిగానున్నది. నిన్న తడిసినది.

నీనెవె పట్టణపువారిని తలంచిన దేవుడు అక్కడి పశువులను సహితము లెక్కలో చేర్చెనని యోనా గ్రంథము చివర చదువుచున్నాము. ఆ లెక్కలోనివాటిని సంచిలో వేయుటకు నేనెవడను?

అటుకమీది గోనెసంచిని మా ఇంటావిడ దించి, ఉదికి, తొట్టి ముందర పరచినది. పిల్లి బయటికి వచ్చునప్పుడు దానిమీద పాదములు తుడుచుకొనును. చదువరీ, నీ ఇంటి తలుపు వెనుకను అట్టి సంచి ఏదైనను ఉన్నదేమో, ఈ రాత్రి ప్రార్థనకు ముందు ఒకసారి చూచుకొనుము.