హీరోగారి షేర్వాణీ... తర్వాత ఎవరికి?

తెరమీద పెళ్లిపీటల సీను వచ్చిందంటే మీరు ఎవర్ని చూస్తారు? హీరోయిన్నే కదా! మొన్నటిదాకా నేనూ అంతే. కృష్ణానగర్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి మాత్రం నా చూపు హీరోగారి షేర్వాణీ చంక దగ్గర కుట్టుమీదికి పోతోంది. అలా ఎందుకయిందో మనవి చేసుకుంటాను.

తెనాలిలో మా అక్క ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఇప్పుడు డ్వాక్రా అప్పు తీసుకుని, పెళ్లిబట్టలు అద్దెకిచ్చే షాపు పెడతానంటోంది. "ఒక్కపూట కట్టి బీరువాలో పడేస్తున్నార్రా. అదే అద్దెకిస్తే పదిమంది కట్టుకుంటారు" అని అక్క వాదన. "ఒకళ్లు విడిచిన బట్టలు పెళ్లికి ఎవరు కట్టుకుంటారే?" అని బావగారి ఎదురుప్రశ్న. తీర్పు నా నెత్తిన పెట్టారు. "సినిమావాళ్ల మధ్య తిరుగుతావుగా, కనుక్కురా" అన్నారు.

యూసుఫ్‌గూడ మెట్రో దిగి నడిస్తే కృష్ణానగర్ ఎంతో దూరం లేదు. టీ కొట్ల దగ్గర వేషాల పిలుపు కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు. ఓ సందులోకి తిరిగితే, పోలీసు యూనిఫారాలూ, లాయరు కోట్లూ, అట్ట కిరీటాలూ వరసగా వేలాడుతున్నాయి. ఒకే కొక్కేనికి ఇన్‌స్పెక్టరూ, యముడూ!

నేను వెళ్లిన కొట్టు మాస్టారు కోడంబాక్కంలో కత్తెర పట్టి, పరిశ్రమతో పాటే మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చేసినాయన. విషయం చెప్పగానే ఓ మెరూన్‌రంగు షేర్వాణీ తీసి, లోపలిది బయటికి తిప్పారు.

"చూశారా బాబూ, ఇక్కడ కుట్టు విప్పిన గీతలు? ఒకటి కాదు, మూడు!"

ఆ షేర్వాణీ జాతకం అప్పుడు విన్నాను. మొదట ఓ హీరోగారి పెళ్లి సీను. షూటింగు అయ్యాక మిగతా బట్టలతో కలిపి మాస్టారు టోకున కొన్నారు. తర్వాత ఇంకో సినిమాలో హీరో అన్నగారికి. ఆ తర్వాత విందు సీనులో వెనక వరస జూనియర్ ఆర్టిస్టుకి. మొన్నటికి మొన్న కాలేజీ నాటకంలో అక్బరు చక్రవర్తికి! కాలరు పూర్తిగా అరిగిపోయాక జరీ ముక్క మరో రాజుగారి నడుముకి పోతుంది. గుండీలు బిస్కెట్ల డబ్బాలోకి చేరతాయి.

"అందరికీ ఎలా పట్టిందండీ?" అన్నాను.

"లోపల అంగుళంన్నర గుడ్డ వదిలి కుట్టాం. సన్నటి హీరోకి కుట్టేటప్పుడే లావుపాటి బాబాయి వేషాన్ని గుర్తుపెట్టుకోవాలి బాబూ!"

తర్వాత ఓ గులాబీరంగు లెహంగా తీశారు. చవగ్గా వస్తోందని ఫోనులో చూసి తెప్పించారట. చమ్కీలు కుట్టినవి కావు, జిగురుతో అంటించినవి. మొదటి డ్రైవాష్‌కే సగం రాలిపోయాయి. వదులు చేద్దామంటే లోపల పావంగుళం గుడ్డ కూడా లేదు. "మూడు అద్దెలకే చచ్చిపోయింది" అన్నారు, చుట్టంపోయినట్టు.

ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ 'సర్క్యులర్ ఫ్యాషన్' అంటున్నాయి. బట్టని పారేయకుండా మళ్లీమళ్లీ వాడడం అన్నమాట. మంచి మాటే. హర్యానాలోని పానిపట్‌లో పాత ఉన్నిబట్టల్ని రంగులవారీగా ఏరి, చింపి పీచు చేసి, మళ్లీ నూలు వడికి దుప్పట్లు నేస్తారు. కానీ నూలూ పాలియెస్టరూ కలిసిపోయిన గుడ్డని మళ్లీ విడదీయడం మహా కష్టం. బట్టలకి వాడే సరుకులో తిరిగి కొత్తబట్ట అయ్యేది నూటికి ఒక వంతు కూడా లేదని 2017లో ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ నివేదిక తేల్చింది. అంటే, పారేశాక చేసేదానికన్నా కుట్టేటప్పుడు చేసేదే ముఖ్యం. పాతచీరలతో బొంతలు కుట్టిన మన అమ్మమ్మలకి ఎవరూ నివేదిక చదివి వినిపించలేదు లెండి!

బావగారి ప్రశ్న కూడా అడిగేశాను. మాస్టారు నవ్వారు. "హోటల్లో కడిగిన కంచంలో తినటం లేదూ? ఒంటికి తగిలేది అస్తరు. అది మార్చేస్తాం. జనం కట్టుకుంటారు. అసలు భయం అది కాదు, అందరూ ఒకే ముహూర్తానికి అడుగుతారు. ఆషాఢంలో, మూఢంలో ఈగలు తోలుకోవాలి. బ్యాంకువాళ్లకి మూఢం ఉండదు కదా! పైన ఉతుకుల ఖర్చు, మరకల తగాదా. మీ అక్కగార్ని సరుకు కొని షాపు పెట్టొద్దనండి. జాకెట్ల పని మానకుండా, తను కుట్టినవే నాలుగు జతలతో మొదలుపెట్టమనండి. కుట్టినవాళ్లకే విప్పడం తెలుస్తుంది."

రాత్రి అక్కకి ఫోన్ చేసి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అప్పు సగానికి తగ్గిస్తానంది. పెద్ద షాపు ఆశ వాయిదా పడినందుకు కాస్త గొంతు తగ్గింది కూడా. కాసేపు మాట్లాడలేదు.

"అంగుళంన్నర వదలమన్నారా?" అంది చివరికి.

"అవునక్కా."

"రెండంగుళాలు వదుల్తాలే. మొదటి షేర్వాణీ కొలత చూసేది మీ బావ మీదేగా!"