రీలు నాది, బొటనవేలు నాన్నది

చెరువు గట్టు మీద కూర్చుని దారం చిక్కు విప్పుతున్నాను. ఆరున్నరకి వచ్చాను, ఎనిమిది దాటింది. విసిరింది మాత్రం ఒక్కసారే. రబ్బరు కప్ప పది గజాలు కూడా పోలేదు. రీలు లోపల దారం పిచ్చుక గూడులా ఉబ్బి బయటికొచ్చేసింది.

పక్కనే మా ఊరి పిల్లలిద్దరు వెదురు కర్రకి గేలం కట్టి, ఎర్రలు గుచ్చి, అప్పటికే అర కవరు జెల్లలు పట్టేశారు. వాళ్లలో చిన్నోడు వచ్చి కాసేపు నన్నే చూసి, "అన్నా, ఇది సేపలు పట్టడానికేనా?" అనడిగాడు.

ఇంకోరోజైతే నవ్వేవాణ్ణే. ఆ రోజు నవ్వు రాలేదు. ఆ రీలు, రాడ్డు కొన్న 3,200 రూపాయల్లో రెండు వేలు నావి కావు. డ్వాక్రా వాయిదాకని అమ్మ నా దగ్గర దాచినవి. జీతం పడగానే సర్దేద్దాంలే అనుకున్నాను. జీతం కంటే వాయిదా ముందొచ్చింది. సంఘం మీటింగులో అందరి ముందూ "వచ్చే వారం కడతానమ్మా" అని అమ్మ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంటికొచ్చి నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రీల్స్ చూసి రీలు కొన్నా

మా ఊరు విజయనగరానికీ చీపురుపల్లికీ మధ్య. చెరువు నిండా తామర, గట్టు వెంట జమ్ము, తూటికాడ. అలాంటి చోట కొరమీను ఉంటుంది. కేజీ దాటిన కొరమీను ఆకుల కింద నుంచి కప్ప మీదకి ఎగబడితే వచ్చే "డబుక్" చప్పుడు ఒక్కసారి విన్నారంటే ఇక నిద్ర పట్టదు. ఫోన్‌లో అలాంటి వీడియోలు రాత్రిళ్లు తెగ చూశాను. వాటిలో అందరి చేతుల్లోనూ ఒకటే రకం రీలు. రాడ్డు కింద వేలాడేది కాదు, రాడ్డు పైన కూర్చునేది. దాని పేరు బెయిట్‌కాస్టింగ్ రీలు.

మన దగ్గర ఎక్కువమంది వాడేది స్పిన్నింగ్ రీలు. విసిరినప్పుడు దాని స్పూలు కదలదు, దారమే చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. అందుకే కొత్తవాళ్లకి సులువు. బెయిట్‌కాస్టింగ్‌లో ఎర దారాన్ని లాక్కుపోతుంటే స్పూలే గిర్రున తిరుగుతుంది. ఎర గాల్లో నెమ్మదిస్తుంది, నీళ్లలో పడి ఆగుతుంది. స్పూలుకి ఆ సంగతి తెలీదు, తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది. బయటికి పోవడానికి దారి లేని దారం లోపలే ముడిపడుతుంది. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. ఆ పొద్దున నా ఒళ్లో ఉన్నది అదే.

మరి అంత కష్టం ఎందుకంటే, రెండు లాభాలున్నాయి. బొటనవేలితో స్పూలుని ఆపి, రెండు తామరాకుల మధ్య జానెడు ఖాళీలో ఎరని దించొచ్చు. లావు దారం వేసుకుని, ఆకుల్లో దూరిన చేపని బలంగా బయటికి లాగొచ్చు.

నేను ఇవేవీ చూడలేదు. "18+1 బేరింగులు" అన్న అక్షరాలు చూశాను. బేరింగులు ఎక్కువుంటే రీలు గొప్పదనుకున్నాను. ఇంకా ఏం తప్పులు చేశానంటే:

ఒకటి, రైట్ హ్యాండ్ రీలు తెప్పించాను. నాకు కుడిచేత్తో విసిరి ఎడంచేత్తో తిప్పడం అలవాటు. స్పిన్నింగ్ రీలుకి హ్యాండిల్ విప్పి అటుదిటు మార్చొచ్చు. దీనికి ఆ వీలు లేదు. ఎడమ, కుడి విడివిడిగా అమ్ముతారు.

రెండు, స్పిన్నింగ్ రాడ్డు కొన్నాను. దాని రింగులు కిందికి వేలాడేందుకు చేసినవి. తిప్పి పట్టుకుని రీలు పైన బిగిస్తే పట్టు కుదరలేదు. బెయిట్‌కాస్టింగ్ రాడ్డుకి చిన్న రింగులు పైవైపు ఉంటాయి, పట్టుకునే చోట చూపుడువేలికి తుపాకీ ట్రిగ్గర్ లాంటి కొక్కెం ఉంటుంది.

మూడు, ఐదు గ్రాముల చిన్న కప్ప కట్టాను. స్పూలుని తిప్పాల్సింది ఎర బరువే. ఐదు గ్రాములు నా చవక రీలుని సరిగ్గా కదపలేకపోయింది. అది పోవట్లేదని నేను ఇంకా గట్టిగా విసిరాను. ఇంకేముంది!

"ఇదేటిరా, బాబిన్ లాగుంది"

ఆ చిక్కుతోనే ఇంటికొచ్చి అరుగు మీద పడేశాను. నాన్న చూశాడు. నాన్న ఇరవై ఆరేళ్లు జూట్ మిల్లులో స్పిన్నింగ్ డిపార్టుమెంటులో చేశాడు. బొబ్బిలి, రాజాం, నెల్లిమర్ల చుట్టుపక్కల అలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి, గోగునార దుమ్ము పీల్చి పిల్లల్ని చదివించిన ఇళ్లు. ఆయన పని చేసిన మిల్లు ఆగిపోయి రెండేళ్లు. అప్పట్నుంచీ ఆయన మాట్లాడటం తగ్గిపోయింది. టీవీ పెడతాడు గానీ చూడడు.

"ఇదేటిరా, బాబిన్ లాగుంది," అన్నాడు.

చెప్పాను. ఎర ఆగిపోయినా ఇది ఆగదు, అందుకే చిక్కు పడుతోందని.

"మరి దీన్ని పట్టి ఉంచేదేటి?"

ఆ ప్రశ్న నేను నెల రోజుల్లో ఒక్క వీడియో కిందా అడగలేదు. మిల్లులో నూలు చుట్టుకునే బాబిన్‌ని ఊరికే తిరగనివ్వరట. ఒరిపిడితో కాస్త వెనక్కి పట్టి ఉంచుతారట. "మరీ పట్టేస్తే నూలు తెగిపోద్ది. ఒగ్గేస్తే సడలిపోయి సిక్కు పడిపోద్ది. ఆ మధ్య సోటు సేతికి తెలవాల," అన్నాడు.

చిక్కు విప్పింది కూడా ఆయనే. నేను గంటన్నర లాగాను. ఆయన లాగలేదు. వేళ్లతో మెల్లగా సడలించుకుంటూ పోయాడు. "లాగితే ముడి బిగుస్తాది. ఎదర సడలించాల." పదిహేను నిమిషాల్లో దారం సాఫీగా వచ్చేసింది. రెండేళ్లలో నాన్న నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

తర్వాత చదివితే తెలిసింది, ఈ రకం రీలుని మెరుగుపరిచినవాళ్లు కూడా చక్రాలు, పళ్లు, ఒరిపిడి లెక్కలు తెలిసినవాళ్లే. సుమారు 200 ఏళ్ల కిందట అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు, హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూలు పలుసార్లు తిరిగే రీలు చేశాడు. స్వీడన్‌లో 1921లో గడియారాల ఫ్యాక్టరీగా మొదలైన అబూ కంపెనీ, 1952లో అంబాసడర్ అనే రీలు తెచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. మా నాన్న కెంటకీ పేరు వినలేదు గానీ, ఆ పనివాళ్ల ముందు కూర్చుంటే భాష అక్కర్లేకుండానే మాట్లాడుకునేవాడు.

రెండోసారి కొన్నప్పుడు

ముందు అమ్మ డబ్బు కట్టాను. పాత సెట్టు 900కి అమ్మేశాను. మూడు నెలలు నెలకో వెయ్యి పక్కన పెట్టి, ఇంకో వంద కలిపి 4,000 చేశాను. ఈసారి నాన్న ప్రశ్నే పట్టుకుని వెతికాను: దీన్ని పట్టి ఉంచేదేంటి?

జవాబు మూడు చోట్ల ఉంటుంది. హ్యాండిల్ పక్కన చిన్న టెన్షన్ నాబ్. అవతలి వైపు బ్రేకు. చివరిది మన బొటనవేలు. బ్రేకుల్లో అయస్కాంతం రకం కొత్తవాళ్లకి హాయి. సాధారణంగా బయటే సున్నా నుంచి పది వరకూ అంకెలున్న డయల్ ఉంటుంది, తిప్పుకుంటే సరి. సెంట్రిఫ్యూగల్ రకం కూడా మంచిదే. కాకపోతే చాలా మోడళ్లలో పక్క మూత తీసి లోపలి చిన్న ముక్కలు సర్దుకోవాలి. గట్టు మీద బురద చేతులతో ఆ పని కష్టం.

షిమానో, దైవా, అబూ గార్సియా లాంటి పెద్ద పేర్ల కొత్త రీళ్లు నా డబ్బుకి రాలేదు. ఉద్యోగం వచ్చి ఊరు మారుతున్న ఒకాయన విశాఖలో తన లెఫ్ట్ హ్యాండ్ రీలు అమ్ముతున్నారని తెలిసి బస్సెక్కాను. వాడిన రీలు కొనేటప్పుడు నాలుగు చూడండి. హ్యాండిల్ తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడు రాకూడదు. వెనక్కి తిప్పితే హ్యాండిల్ కదలకూడదు. క్లచ్ నొక్కితే స్పూలు స్వేచ్ఛగా తిరగాలి. స్క్రూల దగ్గర తెల్లటి ఉప్పు పొడి ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. సముద్రపు రీలుని మంచినీళ్లతో కడగలేదని అర్థం. రేపు మీరు కోనాడలోనో కళింగపట్నంలోనో ఏటి మొగ దగ్గర పండుగప్పకి వెళ్లినా ఇదే సూత్రం, ఇంటికి రాగానే రీలు పైన మంచినీళ్లతో కడిగి తుడవాలి.

నా లెక్క ఇలా తేలింది. రీలు 1,900. రాడ్డు 1,400. దారం 350. పన్నెండు గ్రాముల కప్పలు రెండు, 350. రాడ్డు ఆరున్నర అడుగులు, మీడియం హెవీ. దాని మీద ఎంత బరువు ఎర వేయొచ్చో రాసే ఉంటుంది. నాది 10 నుంచి 30 గ్రాములు. కప్ప బరువు ఆ అంకెల మధ్య ఉండాలి. రీలు మీద 6.3:1 అనో 7.1:1 అనో ఉంటే, హ్యాండిల్ ఒక్క చుట్టుకి స్పూలు అన్నిసార్లు తిరుగుతుందని. కొత్తలో ఆ రెంటిలో ఏదైనా పర్లేదు, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. దారం మొదట మోనో తీసుకోండి. చవక, చిక్కు తీయడం సులువు. చెయ్యి తిరిగాక 30, 40 పౌండ్ల బ్రెయిడ్‌కి మారొచ్చు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మీరు పట్టేవి చిన్న చేపలైతే, వేసేవి ఐదారు గ్రాముల ఎరలైతే, బెయిట్‌కాస్టింగ్ జోలికి పోకండి. అదే డబ్బుకి మంచి స్పిన్నింగ్ సెట్టు వస్తుంది. వీడియోలో స్టైల్‌గా ఉందని కొంటే నాలాగే చిక్కు విప్పుకుంటూ కూర్చుంటారు.

నేర్చుకున్నది చెరువు దగ్గర కాదు, కోత అయిపోయిన మడిలో. హుక్కు లేని బరువు కట్టాం. క్లచ్ నొక్కితే బరువు మెల్లగా దిగాలి, నేలకి తగలగానే స్పూలు ఆగాలి. అక్కడికి టెన్షన్ నాబ్ బిగించాం. బ్రేకు ఎనిమిదిలో పెట్టాం. ఒకసారి విసిరి, చేత్తో ఇంకో ఐదు గజాలు లాగి, స్పూలు మీద మిగిలిన దారానికి టేపు అంటించాం. ఎంత చిక్కుపడ్డా టేపు కిందికి పోదు. ఎదురుగాలికి విసరలేదు. పైన కరెంటు తీగలు లేని చోటే చూసుకున్నాం. కార్బన్ రాడ్డు తీగకి తగిలితే ప్రాణాలు పోతాయి.

నేను పది విసిరితే ఏడు చిక్కులు. నాన్న "ఇటియ్యి" అని తీసుకున్నాడు. మూడోసారికే దారం శుభ్రంగా పోయింది. ఆయన బరువు వైపు చూడట్లేదు. బొటనవేలు స్పూలుని తాకీ తాకనట్టు ఉంది, బరువు నేల తాకే క్షణానికి నొక్కుకుంది. ఇరవై ఆరేళ్లు నూలు తాకిన వేలు అది. మిల్లు ఆగిపోయింది గానీ వేలికున్న తెలివి ఎక్కడికీ పోలేదు.

రెండు వారాలకి నా చేతికీ కాస్త తెలిసింది. బ్రేకు ఎనిమిది నుంచి ఐదుకి దించాం. చెరువు పాట పాడుకున్నాయన్ని అడిగి, ఒక ఆదివారం వెళ్లాం. మొదట కనబడింది ఎర్రటి పిల్లల గుంపు, నీటి మీద బుడబుడలాడుతూ. కొరమీను తల్లిదండ్రులు ఆ గుంపుని కాపలా కాస్తాయి. అక్కడ వేస్తే తప్పకుండా కొడతాయి. "ఒగ్గేయ్‌రా, పిల్లల తల్లి," అన్నాడు నాన్న. అవతలి గట్టుకి వెళ్లాం.

తొమ్మిదింటికి, జమ్ము పక్కన, నాన్న విసిరిన కప్ప మీద నీళ్లు పగిలాయి. కేజీకి కొంచెం తక్కువ. గట్టు మీద పడ్డాక ఇద్దరం అరిచాం. నాన్న అరవడం నేనెప్పుడూ వినలేదు.

అమ్మ పులుసు పెట్టింది. వడ్డిస్తూ నెమ్మదిగా లెక్క కట్టింది. మొదటి సెట్టు 3,200, రెండోది 4,000, అమ్మితే వచ్చింది 900. "ఆరు వేల మూడొందల సేప. ముల్లు కూడా ఒగ్గకండి," అంది. వాయిదా సంగతి అప్పుడూ ఎత్తలేదు. నేనే ఎత్తాను, తప్పయిందమ్మా అన్నాను. ఇంకో ముక్క నా కంచంలో వేసి లోపలికెళ్లిపోయింది.

ఇప్పుడు ఆదివారాలు నేను అలారం పెట్టుకోవట్లేదు. ఐదింటికే వాకిట్లో క్లిక్‌మని క్లచ్ చప్పుడు వినబడుతుంది. నాన్న టెన్షన్ సరిచూసుకుంటుంటాడు.