సూర్యాపేట నుండి వాడపల్లి వరకు: రాళ్ల దారి

సూర్యాపేట పరిసరాలలోని గుండ్లను చూస్తే, ఎవరో ఒకదానిపై ఒకటి పేర్చినట్లు తోస్తుంది. ఉండ్రుగొండ గుట్టలెక్కినవారికి ఈ వింత తెలిసినదే. ఇది గ్రానైటు. భూమి లోతులలో కరిగియున్న పదార్థం మెల్లగా చల్లారి, దాదాపు 250 కోట్ల సంవత్సరాల క్రితం గట్టిపడింది. పైపొరలు కొట్టుకుపోయాక రాయి బయటపడింది. పగుళ్లలో దిగిన నీరు మూలలను ముందుగా తినివేసింది. ఉల్లిపొరల్లా పెచ్చులూడగా మిగిలినదే గుండు. రాలిన పొడి చెలకల ఎర్రమట్టి అయింది.

ధూళి లేని రాతిపైనా తయమ్ముమ్ చెల్లుతుందని హనఫీ ఫిఖ్హ్‌లో చదివిన విద్యార్థులు, రాయి మట్టి జాతి ఎలా అవుతుందని అడుగుతుంటారు. గుట్ట అడుగున గుప్పెడు మొరం తీసి చూపితే వారికి వేరే వివరణ అక్కరలేదు.

కోదాడ దాటి మేళ్లచెరువు, మఠంపల్లి వైపు వెళితే నేల స్వభావమే మారిపోతుంది. అక్కడి సిమెంటు కార్ఖానాలకు ఆధారం సున్నపురాయి. అది సముద్రం అడుగున పొరపొరగా పేరుకున్నది. అంటే ఈ మిరప చేల స్థానంలో ఒకనాడు సముద్రముండేది! పిల్లలు ఆ పొరలలో గవ్వలు వెదుకుతారు. దొరకవు. గవ్వ గల జీవులు పుట్టక మునుపే ఆ రాయి ఏర్పడింది. పెద్ద జంతువుల శిలాజాలు చూడాలంటే గోదావరి లోయ రాళ్లను ఆశ్రయించవలసిందే. అక్కడి యామన్‌పల్లిలో లభించిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో ఉంది. సెలవులలో పిల్లలకు చూపించదగినది.

మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణం. రాళ్ల ముచ్చట అక్కడ తక్కువ. దానికి చేరువలోని వాడపల్లి వద్ద, అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ కృష్ణలో కలుస్తుంది. కొండ దగ్గర రాళ్లు పెద్దవిగా, దూరం పోయేకొద్దీ చిన్నవిగా, చివరకు ఇసుకగా మారే తీరును అల్‌బిరూనీ వెయ్యేళ్ల క్రితమే తన హిందూదేశ గ్రంథంలో గమనించాడు. దానిని బట్టి, నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిపోయిన సముద్రమే ఉత్తరాది మైదానమని ఊహించాడు. దూరదర్శిని, ప్రయోగశాల ఏవీ లేకుండా, కేవలం చూపుతో!

గుట్టల అందం వరకే ఆగిపోతే మాత్రం మన ఇండ్లకు అన్యాయమే. గ్రానైటు పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ కరుగుతుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఎందరి పండ్లనో గారపట్టించి, ఎముకలను వంచినది అదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు త్రాగదగినది కాదు. నీళ్లు తేటగా ఉన్నాయి, రుచిగా ఉన్నాయి అన్నది లెక్కలోనికి రాదు. కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదానిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. కాబట్టి కొత్త బోరు వేయించినవారు పసిపిల్లలకు ఆ నీరు పట్టకముందే ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి. వాననీటిలో ఈ బెడద దాదాపు ఉండదు, రాతితో దానికి సావాసం లేదు గనుక. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించారు. ప్రపంచమంతటా దాని పేరు నల్లగొండ పద్ధతి.