అరకు పిన్‌కోడ్

సెలవులకు అరకు వెళ్లాం. తిరుగు రైలు కోసం స్టేషన్‌కు నడుస్తుంటే, ఆరో తరగతి చదివే మా అమ్మాయి ఒక కాఫీ దుకాణం బోర్డు దగ్గర ఆగిపోయింది. దాని మీద పిన్‌కోడ్ 531149.

"నాన్నా, ఇది ప్రైమ్ నంబరా?"

పిన్‌కోడ్‌లు 1972లో వచ్చాయనీ, మొదటి అంకె 5 అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ, కర్ణాటకా అనీ, చివరి మూడంకెలు పోస్టాఫీసువనీ చెప్పి తప్పించుకోబోయాను. కుదరలేదు. రైలెక్కగానే నోటుబుక్ తీసింది.

బేసి సంఖ్య, కాబట్టి 2 కాదు. చివర 9, కాబట్టి 5 కాదు. అంకెల మొత్తం 23, కాబట్టి 3 కాదు. అదే పాడేరు 531024 అయితే 2, 3, 13, 23, 37 అన్నింటికీ లొంగుతుంది. అరకు లొంగలేదు. 17తో భాగిస్తే 1 మిగిలింది, 73తోనూ ఒకటే! శిమిలిగూడ దాటింది, బొర్రా దాటింది. సొరంగం వచ్చినప్పుడల్లా పెన్ను ఆపి, వెలుగు రాగానే మళ్లీ మొదలుపెట్టేది. 97 కూడా అయ్యాక నాకు విసుగొచ్చింది.

"వందలోపు ఏదీ లేదుగా, ప్రైమే. రాసేసుకో."

నాన్న చెప్పాడు కదా, రాసేసుకుంది.

ఎక్కడిదాకా చూడాలో నాకు తెలియక కాదు. 729ని 729తో గుణిస్తే 531441. అంటే 531149కి కారణాంకాలుంటే వాటిలో ఒకటైనా 729లోపే ఉండాలి. అంతవరకు 129 ప్రధాన సంఖ్యలున్నాయి. మేం చూసినవి 25. శివలింగపురం దగ్గర తను 'ప్రైమ్' అన్న మాట చుట్టూ స్కేలుతో డబ్బా గీస్తుంటే చూడలేక ఈ సంగతి చెప్పేశాను.

"మరి ఇందాకే చెప్పొచ్చుగా," అంది. నా దగ్గర జవాబు లేదు.

డబ్బా కొట్టేసి 101 దగ్గర మొదలుపెట్టింది. 107కి మళ్లీ ఒకటే మిగిలింది. ఎస్.కోట వస్తుండగా గట్టిగా అరిచింది: "137! రిమైండర్ జీరో!"

137 × 3877. వందలోపు 25 అయ్యాక ఇంకో ఎనిమిదే, నేను ఆపించేసింది అక్కడ. ఇక 3877ని కూడా 7తో మొదలుపెట్టి చూద్దామన్నాను. "అక్కర్లేదు నాన్నా. అది పోయేవాటితో పెద్దదీ పోవాలి. చిన్నవన్నీ ఇందాకే చూశాంగా," అంది. నిజమే. 3877కి 62 వరకు చూస్తే చాలు, అవన్నీ అయిపోయాయి. అది నాకు తట్టలేదు.

పెద్ద సంఖ్యను ఇలా విడగొట్టడం కష్టం కాబట్టే 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఆన్‌లైన్ రహస్యాలను కాపాడుతోందనీ, 250 అంకెల సంఖ్య ఒకటి 2020లో గానీ విడిపోలేదనీ, దానికి కంప్యూటర్లే నెలల తరబడి పనిచేశాయనీ చెప్పబోయాను. వినడం లేదు. కొత్త పేజీ తిప్పి, మా ఇంటి పిన్‌కోడ్ రాసుకుంటోంది.