వేపపుల్లకు కొన్నాళ్లు సెలవు

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఇప్పటికీ చాలామంది పెద్దవాళ్లకు తెల్లవారడమంటే వేపపుల్ల విరవడమే. అరుగు మీద కూర్చుని పుల్ల నములుతూ వానల సంగతో మిర్చి ధరో మాట్లాడుకుంటే గానీ కాఫీ గొంతు దిగదు. ఫ్లోరైడ్ నీళ్లకు గారపట్టిన పళ్లయినా సరే, ఆ తోముడు తప్పదు.

అలాంటి మనిషికి క్యాన్సర్ వచ్చి, గుంటూరులోనో హైదరాబాదులోనో బలమైన కీమో మొదలైతే ముందు పక్కనబెట్టాల్సింది ఆ పుల్లనే!

"అరవై ఏళ్లుగా దీంతోనే తోముతున్నా గదమ్మా, ఇప్పుడీ బ్రష్షేంది?" అని పెద్దాయన కోడల్ని అడగడం న్యాయమే. తప్పు వేపది కాదు. వేగంగా పెరిగే కణాలను కీమో మందు దెబ్బతీస్తుంది. నోటి లోపలి పొర కణాలూ అలాంటివే. అందుకే వారం పది రోజుల్లో నోరు పూస్తుంది. దాదాపు అప్పుడే తెల్లరక్తకణాలు, ప్లేట్‌లెట్లు కూడా తగ్గిపోతాయి. పుల్ల గీరితే నెత్తురు త్వరగా ఆగదు. ఆ గాయంలోంచి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరతాయి. నోరు పుండైతే ముద్ద దిగదు, మనిషి నీరసిస్తాడు, తర్వాతి డోసు వాయిదా పడుతుంది. వేపచెట్టు ఎక్కడికీ పోదు. రక్తకణాలు కోలుకుని, డాక్టరు సరేనన్నాక మళ్లీ విరుచుకోవచ్చు.

మరి అందాకా ఏం చెయ్యాలి? కీమోకు ముందే పుచ్చుపళ్లను పళ్ల డాక్టరుకు చూపించాలి. తిన్నాక, పడుకునే ముందు మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా తోమాలి. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి, రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. తర్వాత కాచి చల్లార్చిన నీళ్లతో నోరు కడుక్కోవాలి. కట్టుడుపళ్లు రాత్రిపూట తీసేయాలి. పొగాకు, ఆల్కహాలు ఉన్న మౌత్‌వాష్ వద్దు. గొడ్డుకారం, ఊరగాయ లేనిదే ముద్ద దిగని ఇళ్లలో ఇది కష్టమే. అయినా కొన్నాళ్లు చల్లారిన రాగిజావ, మెత్తటి పప్పన్నమే మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది జ్వరం. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిందంటే, మాత్ర వేసి తెల్లారాక చూద్దాంలే అనుకోకూడదు. కీమో ఇచ్చిన ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ రాత్రే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి. పెద్దాసుపత్రి గంటల దూరంలో ఉన్న ఊళ్లకు ఈ మాట మరీ అవసరం.

మార్కాపురం పలకలకు పేరు. ఒక పలక మీద ఆసుపత్రి నంబరు, పుక్కిలించే వేళలు రాసి గోడకు తగిలిస్తే, ఇంట్లో చదువుకునే పిల్లలే తాతకు గుర్తుచేస్తారు.