లేని రోగం పోయిందని చెప్పలేము



మన మల్కాపురం సంఘంలో ఒక సహోదరికి కడుపు నొప్పి వస్తే స్కానింగ్ తీశారు. లివర్‌లో గడ్డ ఉందన్నారు. మేము ఇంకేమీ అడగలేదు. ఆదివారం ఆరాధనలో "క్యాన్సర్‌తో ఉన్న సహోదరి కొరకు" అని ప్రార్థన చేయించాము. ఆ వారమంతా వారింట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

తరువాత మందు ఎక్కించి సీటీ తీశారు. అది హెమాంజియోమా అని తేలింది. అంటే రక్తనాళాల ముద్ద. లివర్‌లో వచ్చే హానిలేని గడ్డల్లో ఎక్కువగా కనబడేది ఇదే, అదీ ఆడవారిలో. ఇది క్యాన్సర్‌గా మారదు. చాలామందికి ఏ వైద్యమూ అక్కరలేదు. మామూలు స్కానింగ్‌లో ఒక్కోసారి పోల్చుకోలేరు. ఎక్కించిన మందు అంచుల నుండి మెల్లగా లోపలికి నిండడమే దీని గుర్తు.

"క్యాన్సర్ పోయింది, సాక్ష్యం చెప్పించండి" అన్నారు కొందరు. లేని రోగం పోయిందని చెప్పి దేవుణ్ణి మహిమపరచలేము ప్రియులారా.

దేవాలయంలో హన్నా పెదవులు కదలడం చూసి, ఆమె తాగి ఉందనుకున్నాడు యాజకుడైన ఏలీ. మేమూ అదే చేశాము. ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాము.

"పర్వాలేదు అయ్యగారూ, ఈసారి రిపోర్టు చూసి ప్రార్థన చేయండి" అని నవ్వింది.

అలాగని గడ్డలన్నీ హానిలేనివి కావు. ముఖ్యంగా హెపటైటిస్ బి, సిరోసిస్ ఉన్నవారు ఆలస్యం చేయకండి. డాక్టరు తేల్చేదాకా మాత్రం ఏ పేరూ పెట్టకండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.